నిరాశకు గొంతు ముందు దొరికింది: ఓటమి తర్వాతి జపాన్ కథాసాహిత్యంలో వెలివేత

క్లుప్తంగా

1945లో ఓడిపోయిన జపాన్‌లో యువతరాన్ని కమ్మిన నిరాశ గురించి కథలూ నవలలూ ఏడాది తిరక్కముందే రావడం మొదలైంది. అదే యుద్ధం సమాజం అంచులకు నెట్టేసిన మనుషుల కథలు మాత్రం విస్తృతంగా పాఠకులకు చేరడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ వ్యత్యాసాన్ని రచయితల స్వభావంతో వివరించలేము. బ్యాంకు నిల్వల స్తంభన, పింఛన్ల రద్దు, సెన్సారు నిబంధనలు, పెళ్ళి సంబంధాల వాకబు వంటివి నిరాశ ఎవరికి మిగలాలో, వెలి ఎవరి వంతు కావాలో నిర్ణయించాయి. ఈ రెండు అనుభవాలూ వేర్వేరు వర్గాలవి. వాటిని కలిపేసి చదివితే ఆ కాలపు సాహిత్యంలోని ముఖ్యమైన సంగతి చేజారిపోతుంది.

రెండు రకాల పుస్తకాలు, ఒకే పేరు

జపాన్ రచయిత దజాయ్ ఒసాము చనిపోయి 75 ఏళ్ళు దాటినా, ఇంగ్లీషు అనువాదాల ద్వారా ఆయన నవలలు ఇవాళ ఇరవై ఏళ్ళ పాఠకులకు కొత్తగా పరిచయమవుతున్నాయి. మనిషిగా బతికే అర్హత తనకు లేదనుకున్న ఒక యువకుడి నోటుపుస్తకాల రూపంలో సాగే ‘నింగెన్ షిక్కకు’ (1948) నుంచి తీసిన వాక్యాలు సామాజిక మాధ్యమాల్లో ఒంటరితనం మీద సూక్తుల్లా తిరుగుతున్నాయి. మరోవైపు, అణుబాంబు దాడుల నుంచి బతికి బయటపడినవారి సంఘం నిహోన్ హిదాన్క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి రావడంతో, బాంబు తర్వాత ఆ మనుషులకు ఇరుగుపొరుగు నుంచి ఎదురైన వివక్ష మళ్ళీ చర్చకు వచ్చింది. ఈ రెండింటినీ ‘యుద్ధానంతర విషాదం’ అనే ఒకే పేరు కింద చేర్చడం పరిపాటి అయింది.

ఇక్కడ మొదట సరిచేసుకోవలసిన విషయం ఒకటుంది. ‘నింగెన్ షిక్కకు’ యుద్ధానంతర కాలంలో వెలువడిన నవలే గానీ యుద్ధానంతర కాలం గురించిన నవల కాదు. అందులోని నోటుపుస్తకాలు 1930 ప్రాంతపు టోక్యోకు చెందినవి. ఓటమి అనంతర జపాన్ దాని చివరి పుటల్లో మాత్రమే కనిపిస్తుంది. ఆ తరం నిరాశను నేరుగా పట్టుకున్న దజాయ్ నవల అంతకు ఏడాది ముందు, 1947లో వచ్చిన ‘షాయో’, అంటే వాలుతున్న పొద్దు. అది ఎంతగా ప్రచారంలోకి వచ్చిందంటే, చితికిపోయిన పెద్దింటి వాళ్ళను ‘షాయో తెగ’ అని పిలవడం జపాన్‌లో వాడుకైపోయింది.

నమ్మకం కూలిన తీరు

1945 ఆగస్టు 15 మధ్యాహ్నం జపాన్ చక్రవర్తి గొంతు మొదటిసారి రేడియోలో ప్రజలకు వినిపించింది. అప్పటికి పదేళ్ళ పిల్లవాడైన నవలాకారుడు ఓఎ కెంజబురో, దేవుడని నేర్పిన వ్యక్తి మామూలు మనిషిలా మాట్లాడటం తనను ఎంత కలవరపెట్టిందో పెద్దయ్యాక రాశాడు. ఆ శరదృతువులో బడులు మళ్ళీ నడుస్తున్నప్పుడు, సైన్యాన్నీ సామ్రాజ్యాన్నీ కీర్తించే వాక్యాల మీద నల్ల సిరా పూయమని పిల్లలకు చెప్పారు. ఏ పేజీలో ఏ వరుస కొట్టేయాలో చూపించిందెవరంటే, కొద్ది నెలల కిందట అవే వరుసలను కంఠస్థం చేయించిన ఉపాధ్యాయులే. 1946 జనవరి 1న చక్రవర్తి తన దైవత్వం కల్పిత భావన అని అధికారికంగా ప్రకటించాడు.

ఒక సిద్ధాంతం ఓడిపోవడం వేరు. నిన్న దాన్ని బోధించిన నోరే ఇవాళ దానికి వ్యతిరేకమైనది అంతే ధీమాగా బోధించడం వేరు. మొదటిదాంట్లో పోయేది ఒక నమ్మకం మాత్రమే. రెండోదాంట్లో నమ్మకం అనే అలవాటే పోతుంది. రచయిత సకాగుచి ఆంగో 1946 ఏప్రిల్‌లో ప్రచురించిన ‘దారకురోన్’, అంటే పతనం గురించి, అనే వ్యాసం ఈ స్థితినే తలకెత్తుకుంది. ఆత్మాహుతి దళాల్లో మిగిలిన యువకులు చీకటి బజారు వ్యాపారులయ్యారనీ, వీరపత్నులుగా ఉండిపోతారనుకున్న వితంతువులు కొత్త ముఖాలను తలచుకుంటున్నారనీ, ఇందులో మారింది మనిషి కాదు, పైపూత మాత్రమే ఊడిపోయిందనీ ఆయన వాదించాడు. పతనం కావడం ద్వారానే మనిషి తన్ను తాను కనుక్కోవాలన్నది ఆయన తీర్మానం. ఆ వ్యాసానికి వచ్చిన ఆదరణ చూస్తే, అప్పటి యువ పాఠకులకు ఓదార్పు కంటే ఈ కటువైన మాటే నిజాయితీగా తోచిందని అర్థమవుతుంది.

అయితే ‘పతనం కండి’ అనే పిలుపు అందుకోగలిగేది, పడటానికి కొంత ఎత్తు ఉన్నవాడే. అప్పటికే నేల మీద పడుకుని ఉన్నవారికి ఆ వ్యాసంలో పాత్ర లేదు.

నిరాశ వెనుక ఉత్తర్వులు

‘షాయో’ను చాలామంది ఒక మనఃస్థితి గురించిన నవలగా చదువుతారు. కానీ అందులో ప్రతి మలుపు వెనుకా ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. 1946 ఫిబ్రవరిలో ధరల పెరుగుదలను అదుపు చేయడానికి ప్రభుత్వం బ్యాంకు నిల్వలను స్తంభింపజేసి కొత్త యెన్ నోట్లు ప్రవేశపెట్టింది. ఇంటి యజమాని నెలకు 300 యెన్లు, మిగతా సభ్యులు తలకు 100 యెన్లు మాత్రమే కొత్త నోట్లుగా తీసుకోవచ్చు. 2016 నాటి నోట్ల రద్దు జ్ఞాపకమున్న తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు ఊహకు అందనిది కాదు గానీ, జపాన్‌లో గడువు ముగిశాక డబ్బు యథాతథంగా తిరిగి రాలేదు. ధరలు దాని విలువను తినేశాయి. అదే ఏడాది చివర లక్ష యెన్లు దాటిన ఆస్తుల మీద 25 నుంచి 90 శాతం దాకా పన్ను పడింది. భూసంస్కరణ, ఊళ్ళో ఉండని భూస్వాముల కౌలు భూములన్నిటినీ ప్రభుత్వపరం చేసి రైతులకు అమ్మింది. 1947 మే 3న కొత్త రాజ్యాంగంతో ప్రభువంశాల బిరుదులు రద్దయ్యాయి. ఉత్తర జపాన్‌లోని సుగారులో పెద్ద భూస్వాములైన దజాయ్ సొంత కుటుంబం కూడా ఈ దెబ్బ తిన్నదే.

నవలలో ప్రభువంశపు యువతి కజుకో, ఆమె తల్లి 1945 డిసెంబరులో టోక్యో ఇల్లు అమ్ముకుని ఇజు కొండల్లోని చిన్న ఇంటికి మారతారు. కొన్నాళ్ళకు మేనమామ దగ్గర నుంచి కబురు వస్తుంది: నిల్వల స్తంభన, ఆస్తి పన్ను కారణంగా ఇక మునుపటిలా డబ్బు పంపలేడు, కజుకో ఎవరైనా పెద్దింట్లో పనికి కుదిరితే మంచిది. ఆ సూచన విని కూతురు ఏడుస్తుంది. తల్లి, జీవితంలో మొదటిసారి తమ్ముడి మాట కాదని, మన కిమోనోలు అమ్మేద్దాం, ఒక్కొక్కటీ అమ్మి దర్జాగా బతుకుదాం అంటుంది. చూడటానికి ఇది మొండి అభిమానం. నిజానికి అప్పటి పట్టణ మధ్యతరగతి అంతా చేస్తున్న పనే అది. వెదురు మొలక పొరలు ఒలిచినట్టు ఒంటి మీది బట్టలు ఒక్కొక్కటిగా ధాన్యానికి మార్చుకునే బతుకును జపాన్ వాళ్ళు ‘వెదురు మొలక జీవితం’ అనే పిలిచేవారు. రేషన్ మీద మాత్రమే బతకడం ఎంత అసాధ్యమో చెప్పడానికి 1947లో జరిగిన ఒక్క సంఘటన చాలు. చీకటి బజారు కేసులు విచారించే యమగుచి యోషితాదా అనే న్యాయాధికారి, తాను శిక్షిస్తున్న నేరం తానే చేయకూడదని బజారు తిండి మాని, 33 ఏళ్ళకే పోషకాహార లోపంతో మరణించాడు.

దక్షిణ సముద్ర దీవుల నుంచి నల్లమందు అలవాటుతో తిరిగొచ్చిన కజుకో తమ్ముడు నఓజి, ఈ నవలలో నిరాశకు నిలువెత్తు రూపం. చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో అతను తన కథను రెండు తలుపుల మధ్య ఇరుక్కున్నవాడిగా చెప్పుకుంటాడు. జనంలో కలవాలని మోటుతనం అలవరచుకున్నాడు, ఇంటిని మరిచిపోవడానికి మత్తుమందు పట్టాడు. అయినా జనం అతన్ని తమలో ఒకడిగా చూడలేదు. ఇక పాత దివాణాలకు తిరిగి వెళదామంటే, అక్కడ ఇమిడే నాగరికత అతనిలో మిగల్లేదు. చివరికి తాను ప్రభువంశీకుణ్ణే అన్న మాటతో ఉత్తరం ముగిస్తాడు.

ఇది వెలివేతేనా అంటే, సగం మాత్రమే. నఓజికి తన స్థితి గురించి రాసుకునే తీరిక, చదువు, అది భద్రంగా చేరే ఒక అక్క ఉన్నాయి. అతన్ని ఎవరూ పేరు పెట్టి తరిమేయలేదు. తాను ఎక్కడా ఇమడలేనన్న తీర్పు అతను తనకు తానే ఇచ్చుకున్నాడు. నిజంగా సమాజపు కట్టుబాటును ఢీకొన్నది, పెళ్ళి కాకుండా బిడ్డను కని పెంచాలని నిర్ణయించుకున్న కజుకో. నవల ముగిసే సమయానికి ఆమె బతికి ఉంది, ముందున్న వెలిని తెలిసే ఎంచుకుంది. విమర్శకుల దృష్టి మాత్రం చాలాకాలం నఓజి మీదే నిలిచింది.

తిరిగొచ్చినవాడి ఇల్లు

లొంగుబాటు నాటికి దేశం బయట సుమారు 65 లక్షల మంది జపనీయులు ఉన్నారు. వారిలో సగానికి పైగా సైనికులు. వీళ్ళు ఓడల్లో తిరిగొచ్చే సమయానికి అరవైకి పైగా నగరాలు కాలిపోయి ఉన్నాయి.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికన్ కథతో పోల్చితే ఇక్కడి ప్రత్యేకత స్పష్టమవుతుంది. హెమింగ్వే 1925 నాటి కథ ‘సోల్జర్స్ హోమ్’లో క్రెబ్స్ ఆలస్యంగా ఇల్లు చేరతాడు. ఊరు ఊరిలాగే ఉంది, అమ్మ పొద్దున్నే ఫలహారం పెడుతుంది, కానీ యుద్ధం గురించి అతను చెప్పే నిజాలు ఎవరికీ అక్కర్లేదు. అక్కడ సమస్య, మారని ఇంటికి మారిపోయిన మనిషి రావడం. ఓడిన జర్మనీలో 1947లో వచ్చిన వోల్ఫ్‌గాంగ్ బోర్షెర్ట్ నాటకంలో బెక్‌మన్ సైబీరియా నుంచి వచ్చి ఒక్కో తలుపూ తడతాడు, ఒక్కోటీ మూసుకుంటుంది. ఇక్కడ ఇల్లే అతన్ని కాదంటుంది. జపాన్‌లో ఈ రెండూ కాక మూడో పరిస్థితి ఏర్పడింది. వెనక ఉన్నవాళ్ళు కూడా బాంబుల కింద సర్వం పోగొట్టుకున్నారు కాబట్టి, సైనికుడికి తన బాధ ప్రత్యేకమైనదని చెప్పుకునే వీలు లేకపోయింది. పైగా ఓటమికి కారకుడన్న నింద, విదేశాల్లో సైన్యం చేసిన అకృత్యాల వార్తలు అతని యూనిఫారానికి అంటుకున్నాయి.

దీనికి తోడు చట్టం వచ్చి చేరింది. ఓటమి తర్వాత జపాన్‌ను తమ అదుపులో ఉంచుకున్న అమెరికా నాయకత్వపు ఆక్రమణ అధికారుల ఆదేశంతో 1946 ఫిబ్రవరిలో సైనిక పింఛన్లు, తీవ్రంగా గాయపడినవారికి ఇచ్చే కొద్దిపాటి మొత్తాలు మినహా, రద్దయ్యాయి. సైనికవాదానికి బహుమతి ఉండకూడదన్నది వారి ఉద్దేశం. ఫలితంగా కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళు ఆసుపత్రి తెల్లబట్టలతో రైలు స్టేషన్ల దగ్గరా, గుడి మెట్ల దగ్గరా హార్మోనియం లాంటి వాద్యాలు వాయిస్తూ అడుక్కోవడం 1950లలో మామూలు దృశ్యమైంది. పింఛన్లు 1953లో తిరిగొచ్చాయి. కానీ అప్పటికి ఆ తెల్లబట్టల మనిషి, జనం చూపు తిప్పుకుని దాటిపోయే గుర్తుగా స్థిరపడిపోయాడు.

ఓవోకా షోహెయ్ నవల ‘నోబి’ (1951) ఈ వెలివేతకు మూలం సైన్యం లోపలే ఉందని చూపించింది. ఫిలిప్పీన్స్‌లోని లేయ్తె దీవిలో క్షయతో దగ్గుతున్న తమురా అనే సాదా సైనికుణ్ణి దళనాయకుడు చెంపమీద కొట్టి, తిరిగి ఆసుపత్రికి పొమ్మంటాడు. అక్కడ చేర్చుకోకపోతే గ్రెనేడ్ ఉంది కదా, దాంతో చచ్చిపొమ్మంటాడు. ఆసుపత్రిలోనేమో తనతో తిండి తెచ్చుకోలేని రోగికి చోటు లేదు. చేతిలో కొన్ని దుంపలతో అతను రెండు చోట్ల మధ్య నడక మొదలుపెడతాడు. దళానికి అతను రోగి, ఆసుపత్రికి అతను అదనపు నోరు. తర్వాత నరమాంస భక్షణ దాకా వెళ్ళే ఆ కథలో అసలు భయం ఈ మొదటి పుటలోనే ఉంది: సంస్థ మనిషిని లెక్కలోంచి తీసేయడానికి శత్రువు అవసరం రాలేదు. ఓవోకా స్వయంగా ఫిలిప్పీన్స్‌లో పోరాడి 1945 జనవరిలో అమెరికన్లకు బందీగా చిక్కినవాడు.

పక్కవారి కళ్ళకే కనిపించినవాళ్ళు

సైనికుడికి కనీసం ఓవోకా వంటి రచయిత దొరికాడు. 1948లో ప్రభుత్వం చేసిన లెక్కల్లో తేలిన 1,23,511 మంది అనాథ పిల్లలకు అప్పట్లో అలాంటి గొంతు లేదు. వాళ్ళు సాహిత్యంలోకి వచ్చింది దృశ్యాలుగా.

ఇషికావా జున్ 1946లో రాసిన ‘యకెఆతో నో ఇయెసు’ (కాలిన శిథిలాల్లో ఏసు) కథ టోక్యోలోని ఉఎనో స్టేషన్ పక్కన, అధికారులు మూయించబోతున్న చీకటి బజారులో, జులై చివరి రోజున జరుగుతుంది. ఒళ్ళంతా పుండ్లతో, చీము కారుతున్న ఒక కుర్రాడు అన్నం ముద్దలు అమ్మే అంగడి మీదికి వస్తాడు. చుట్టూ ఉన్న దొంగ వ్యాపారులు కూడా అతన్ని తాకడానికి జంకుతారు. కథ చెబుతున్న చదువుకున్న మనిషికి ఆ కుర్రాడు క్రీస్తులా కనిపిస్తాడు. మర్నాడు అదే కుర్రాడు అతని మీద పడి ఉన్నది దోచుకుపోతాడు. ఆ తర్వాత వెళ్ళి చూస్తే బజారు ఆనవాలు లేకుండా ఊడ్చేసి ఉంటుంది. ఆ కాలపు గొప్ప కథల్లో ఇది ఒకటి. అయినా కుర్రాడు ఏమనుకున్నాడన్నది అందులో ఎక్కడా లేదు. అతన్ని వీధి అసహ్యించుకుంటుంది, రచయిత ఆరాధిస్తాడు. రెండు చోట్లా అతను మాట్లాడడు.

స్త్రీల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. హయాషి ఫుమికో ‘ఉకిగుమొ’ (1949–51)లో యుకికో యుద్ధకాలంలో ఇండోచైనాలోని (ఇప్పటి వియత్నాం) దలాత్‌లో టైపిస్టుగా పనిచేసి, అక్కడ ప్రేమించిన అటవీశాఖ ఉద్యోగి తొమియోకా కోసం టోక్యో చేరుతుంది. ఆక్రమిత దేశంలో పాలక జాతి మనుషులుగా అనుభవించిన సుఖమే వాళ్ళ స్వర్ణయుగం. వాళ్ళకు పోయింది ఆదర్శం కాదు, ఆధిక్యం. ఆ నిజాన్ని దాచకుండా చెప్పిన ధైర్యం ఈ నవలది. తొమియోకా భార్య దగ్గరికి, కొత్త పనుల వైపు మళ్ళగలిగాడు. యుకికోకు అమెరికన్ సైనికుడి స్నేహం, ఒకప్పుడు తనను చెరిచిన బంధువు పంచన బతకడం మిగిలాయి. ఒకే నిరాశ మగవాడికి చిరాకుగా, ఆడదానికి నిలువ నీడ లేకపోవడంగా పరిణమించిన తీరు ఇందులో కనిపిస్తుంది.

వాకబుతో వెలి: ‘కురోయ్ అమె’

వెలివేత ఎలా పనిచేస్తుందో అతి దగ్గరగా చూపిన నవల ఇబుసె మసుజి రాసిన ‘కురోయ్ అమె’, అంటే నల్లవాన. 1965 జనవరి నుంచి ధారావాహికగా వస్తున్నప్పుడు మొదట దాని పేరు ‘మేనకోడలి పెళ్ళి’. ఆ పాత పేరే నవల కేంద్రాన్ని సరిగ్గా చెబుతుంది.

హిరోషిమాకు తూర్పున చాలా దూరంలో ఉన్న కొబతకె అనే పల్లెలో షిజుమా షిగెమత్సు, అతని భార్య షిగెకొ, మేనకోడలు యసుకొ ఉంటారు. బాంబు పడిన రోజు యసుకొ హిరోషిమా నగరంలో పనిచేస్తోందని, ఆమెకు రేడియేషన్ జబ్బు ఉందని ఊళ్ళో పుకారు. మన దగ్గర సంబంధం కుదిరేముందు పిల్ల గురించి చుట్టుపక్కల ఆరా తీసినట్టే అక్కడా వాకబు జరుగుతుంది. వచ్చిన ప్రతివారూ నాలుగిళ్ళలో అడిగి, మళ్ళీ కనిపించరు. ఎవరూ మొహం మీద కాదనరు. కాదన్నవాళ్ళు లేరు కాబట్టి జవాబు చెప్పుకునే అవకాశమూ లేదు.

ఒక మంచి సంబంధం వచ్చినప్పుడు షిగెమత్సు తెలివిగా చేశాననుకుని యసుకొ ఆరోగ్యంగా ఉందని వైద్యుడి ధ్రువపత్రం తెప్పించి పంపుతాడు. అడక్కముందే పంపిన ఆ కాగితమే పెళ్ళిళ్ళ పేరయ్యకు అనుమానం తెప్పిస్తుంది. బాంబు పడిన రోజు నుంచి ఊరు చేరే దాకా పిల్ల ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పమని ఆరా మొదలవుతుంది. దీనికి జవాబుగా షిగెమత్సు ఆమె దినచర్యను శుభ్రంగా నకలు రాయడానికి కూర్చుంటాడు. ఆమె పేలుడు కేంద్రానికి దూరంగా ఉందని అందులో రుజువుంది. కానీ ఆ రోజు ఆమె మీద నల్లటి వాన, అంటే బాంబు రేపిన రేడియోధార్మిక ధూళి కలిసిన వాన, కురిసిందని కూడా అందులోనే ఉంది. ఆ భాగం నకల్లో రాయాలా వద్దా అని భార్యాభర్తలు తర్జనభర్జన పడతారు. నిర్దోషిత్వానికి ఆధారంగా తీసిన కాగితమే నేరానికి ఆధారమవుతున్న ఈ ఘట్టం, వెలివేతలోని తర్కాన్ని మొత్తంగా విప్పి చూపిస్తుంది: పుకారుకు రుజువు అక్కర్లేదు, ఖండనకు మాత్రం ప్రతి గంటకూ లెక్క చెప్పాలి.

ఇంకో చిన్న ఘట్టం అంత ప్రసిద్ధం కాదు గానీ అంతే నిశితమైనది. రేడియేషన్ రోగులు బరువు పనులు చేయకూడదని, మంచి తిండి తిని తేలికగా తిరుగుతుండాలని వైద్యుల సలహా. షిగెమత్సు, అతనిలాంటి రోగే అయిన షొకిచి చెరువు గట్టున చేపలు పడుతుంటే, అటుగా వెళ్తున్న ఊరి స్త్రీ ఒకామె అందరూ ఊపిరి సలపని పనుల్లో ఉంటే మీకు చక్కగా సాగుతోందని దెప్పిపొడుస్తుంది. వాళ్ళు కార్ప్ చేపపిల్లలను కొని పెంచాలని నిర్ణయించుకుంటారు. సొంత డబ్బు పెట్టి పెంచిన చేపలను పడితే అది సోమరితనం అనిపించుకోదు, పని అనిపించుకుంటుంది. బయటికి గాయం కనిపించని జబ్బుకు ఊరు ఇచ్చే పేరు బద్ధకం. ఆ పేరు నుంచి తప్పించుకోవడానికి రోగి తన చికిత్సకు వ్యాపారం అనే వేషం వేయవలసి వస్తోంది.

ఇరవై ఏళ్ళు ఎందుకు పట్టింది

‘షాయో’కూ ‘కురోయ్ అమె’కూ మధ్య దాదాపు పద్దెనిమిదేళ్ళు. తన్ను తాను నిందించుకుంటూ బతికిన రచయిత నొసాకా అకియుకి, 1945లో ఆకలితో చనిపోయిన చిన్న చెల్లెలి జ్ఞాపకంతో ‘హొతరు నో హకా’ (మిణుగురుల సమాధి) రాసింది 1967లో. మనవాళ్ళకు 1988 నాటి యానిమేషన్ చిత్రంగా ఎక్కువగా తెలిసిన ఈ కథలో, తల్లిని పోగొట్టుకున్న సెయితా, సెత్సుకొ బంధువుల ఇంట చేరతారు. వాళ్ళ తల్లి కిమోనోలు అమ్మి తెచ్చిన బియ్యంతో వండిన అన్నం దేశం కోసం పనికి వెళ్ళేవారికి, పలచటి గంజి ఈ పిల్లలకు. ఆ ఇంటావిడ రాక్షసి కాదు. యుద్ధకాలం నేర్పిన లెక్కను, అంటే దేశానికి పనికొచ్చేవాడికే తిండి అన్న సూత్రాన్ని, వంటింట్లో అమలు చేసింది. ‘నోబి’లోని దళనాయకుడిది కూడా ఇదే లెక్క.

ఈ ఆలస్యానికి మొదటి కారణం సెన్సారు. 1945 సెప్టెంబరులో ఆక్రమణ అధికారులు పత్రికా నియమావళి విధించారు; సెన్సారు ఉందన్న సంగతి కూడా అచ్చులో చెప్పకూడదు. అణుబాంబు సాహిత్యం ప్రధానంగా దీనివల్లే నలిగింది. హిరోషిమాలో బాంబు దాడిని చూసిన హారా తమికి తన కథ ‘నత్సు నో హనా’ను మొదట అనుకున్న పత్రికలో కాక, 1947లో అంతగా కళ్ళు పడని ఒక విశ్వవిద్యాలయ సాహిత్య పత్రికలో ప్రచురించవలసి వచ్చింది. ఓతా యోకో 1945లోనే పూర్తి చేసిన ‘షికబానె నో మచి’ 1948లో కోతలతో, 1950లో పూర్తిగా వెలువడింది. అంటే బాధితులు రాయలేదన్నది నిజం కాదు. వెంటనే రాశారు, రాసినవి సకాలంలో, సక్రమంగా చేరలేదు. హారా 1951లో రైలు పట్టాల మీద ప్రాణం తీసుకున్నాడు.

రెండో కారణం చట్టం. బాంబు బాధితుల వైద్య సహాయ చట్టం 1957 దాకా రాలేదు. వచ్చాక కూడా బాధితుడిగా ధ్రువపత్రం తీసుకోవడమంటే, పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇంటికి, ఆ సంగతి కాగితం మీద ఒప్పుకోవడమే. పత్రం తీసుకోకుండా దాచుకున్న కుటుంబాలు అందుకే ఉన్నాయి. చికిత్స ఇచ్చే పత్రం, వెలి వేసే ముద్ర ఒకటే అయినప్పుడు సాక్ష్యం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు?

మూడోది సంపద. 1956 నాటి ప్రభుత్వ ఆర్థిక శ్వేతపత్రం ఇక ఇది యుద్ధానంతర కాలం కాదని ప్రకటించింది. అంతకు కొద్ది నెలల ముందే, పడవలూ బాక్సింగూ తప్ప మరో చింత లేని సంపన్న యువకుల గురించి ఇషిహారా షింతారో రాసిన కథకు జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారం అకుతగావా బహుమతి వచ్చింది. ఓటమి తరం నిరాశ అప్పటికే ఒక సాహిత్య శైలిగా, కాస్త ఫ్యాషన్‌గా కూడా కుదురుకుంది. ఇంకా కోలుకోని మనుషులు మాత్రం దేశం సాధించిన ప్రగతికి ఇబ్బందికరమైన మినహాయింపులయ్యారు. 1960లలో వచ్చిన నవలలు ఆ శ్వేతపత్రానికి చాలా ఆలస్యంగా అందిన జవాబులని చెప్పవచ్చు.

రచన ఎవరిది అన్న ప్రశ్న కూడా ఇక్కడ తప్పదు. ‘షాయో’కు ఆధారం ఓతా షిజుకొ అనే స్త్రీ దినచర్య, పెళ్ళి కాకుండా దజాయ్ బిడ్డను కని పెంచిన కష్టం ఆమెది. ‘కురోయ్ అమె’కు ఆధారం షిగెమత్సు షిజుమా అనే బాధితుడి నిజమైన దినచర్య, నవలలో ఆ పేరు ముందు వెనుకలైంది. రెండు చోట్లా వెలిని అనుభవించినవారు కాగితాలు ఇచ్చారు, పేరున్న రచయితలు నవలలు కట్టారు. దీన్ని దోపిడీ అనడం తొందరపాటే. ఇబుసె వంటి నేర్పరి చేయి పడకపోతే ఆ దినచర్య ఇన్ని భాషలకు చేరేది కాదు. అయినా ఆ కాలంలో ఎవరి మాట సాహిత్యంగా చెల్లిందో దీనివల్ల తెలుస్తుంది. నాగసాకిలో పద్నాలుగేళ్ళ వయసులో బాంబుకు గురైన హయాషి క్యోకో తన కథ తానే చెప్పుకుని ‘మత్సురి నో బా’కు అకుతగావా బహుమతి అందుకునే సరికి 1975 అయింది.

ఇంకా మిగిలిన ఖాళీ

ఈ ఆలస్యపు జాబితాలో కూడా అందరికీ చోటు దక్కలేదు. జపాన్ సైన్యంలో పనిచేసి వికలాంగులైన కొరియన్లు 1952లో జపాన్ పౌరసత్వం కోల్పోయారు. అదే ఏడాది వచ్చిన యుద్ధ క్షతగాత్రుల సహాయ చట్టం పౌరులకే పరిమితం. తెల్లబట్టలు వేసుకుని వీధుల్లో నిలబడిన వారిలో వీళ్ళూ ఉన్నారని చాలామందికి తెలియజేసింది నవల కాదు, ఓషిమా నగిసా 1963లో తీసిన టెలివిజన్ డాక్యుమెంటరీ. వారికి ఒక్కసారి చెల్లింపుగా కొంత మొత్తం ఇచ్చే చట్టం 2000లో గానీ రాలేదు.

నల్లవాన విషయం కూడా చట్టంలో ఇంకా నలుగుతూనే వచ్చింది. 1976లో ప్రభుత్వం వాన గట్టిగా కురిసిన ప్రాంతమంటూ పటం మీద ఒక గీత గీసి, దాని లోపలివారికే సహాయం ఇచ్చింది. గీత బయట తడిసిన 84 మందిని బాధితులుగా గుర్తించాలని హిరోషిమా హైకోర్టు 2021 జులైలో తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళకపోవడంతో 2022 ఏప్రిల్ నుంచి నిబంధనలు మారాయి. షిగెమత్సు కుటుంబం పెళ్ళి కోసం దినచర్యలోంచి తీసేయాలా అని మథనపడిన వాన తమ మీద కురిసిందని, ఈ వృద్ధులు కోర్టులో రుజువు చేసుకోవలసి వచ్చింది.